అగ్నిపర్వత ద్వీపమున అడవి బాట

రేడియో ప్రసంగము



గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్టనేలలలో మాఘ ఫాల్గునములందు నడచువానికి నీడ దొరకుట కష్టము. కల్లముల నిండ మిరపకాయలు ఎండుచుండును. ఆ దారిని పోవువానికి ఘాటునకు తుమ్ములు వచ్చును. పత్తిచేలలో తీతలు ముగిసి ఎండిన కట్టె మాత్రము నిలిచియుండును. నల్లరేగడి నెఱ్ఱెలు వాసి, ఆ నెఱ్ఱెలలో చేతికఱ్ఱ దిగబడును. ఇట్టి నేలపై పుట్టి పెరిగినవారికి సముద్రము నడుమనున్న యొక దీవిలోని అడవి బాటను గూర్చి చెప్పబూనుట వింతగా తోచవచ్చును. కాని ఆ బాటకును ఈ రేగడికిని చుట్టరికము కలదు. ఆ చుట్టరికమును వెదకుటకు మమ్ము పురికొల్పినది ఒక ముసలి రైతు అడిగిన ప్రశ్న.

మేము మారిషస్ ప్రయాణమునకు సిద్ధపడుచున్న దినములలో, పత్తిరైతుల మాటలను ధ్వనిముద్రణ చేయుటకై నరసరావుపేట ప్రాంతమున ఒక పల్లెకు వెళ్లితిమి. పని ముగిసి, యంత్రము కట్టివేయుచుండగా ఆ రైతు మా దగ్గరకు వచ్చి, "బాబూ, మనవాళ్లు ఓడలెక్కి కూలికి పోయారంట ఆ దీవికి. అక్కడ మన్ను ఏ రంగు? పత్తి పండుద్దా?" అని యడిగెను. చూచి వచ్చి చెప్పెదమంటిమి. కావున నేటి యీ ప్రసంగము కొంతవరకు ఆయనకు మేము బాకీపడిన సమాధానము.

మారిషస్ హిందూ మహాసముద్రమున, భూమధ్యరేఖకు దక్షిణముగా, మడగాస్కరునకు తూర్పున నున్నది. మన తీరమునుండి సుమారు 4,800 కిలోమీటర్ల దూరము. దీవి వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. అనగా 2022లో విభజింపబడక పూర్వపు గుంటూరు జిల్లాలో ఆరవవంతు. 1835లో అక్కడ బానిసత్వము రద్దైన పిమ్మట చెఱకుతోటల యజమానులు కూలీలకై మన దేశమువైపు చూచిరి. ఆ తరువాతి యెనుబది, తొంబది యేండ్లలో సుమారు నాలుగున్నర లక్షలమంది ఒప్పందపు కూలీలుగా ఆ దీవిలో దిగిరి. గోదావరి ముఖద్వారము చెంతనున్న కోరంగి రేవునుండి ఓడలు ఎక్కినందున మనవారికి అక్కడ "కోరంగీలు" అను పేరు వచ్చెను. వారి సంతతివారు నేటికిని రామభజనలు చేయుదురు, సింహాద్రి అప్పన్నను కొలుతురు. ఉగాది ఆ దేశమున సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది అక్కడనే.

మేము ఉగాది వెళ్లిన రెండు వారములకు అడవి చూడబోయితిమి. దీవి నైరుతి భాగమున కొండలు, లోయలు కలిసిన యొక ప్రదేశమును 1994లో జాతీయ వనముగా ప్రకటించిరి. దాని పేరు బ్లాక్ రివర్ గోర్జెస్. వైశాల్యము 65 చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును. పెత్రాన్ అను చోట దాని ద్వారము. అచటినుండి మకాబే అడవిలోనికి పోవు బాటను పట్టి, రెండుమూడు గంటలు నడచినచో లోయ యంచునకు చేరవచ్చును. మాకు తోడుగా వచ్చిన వనోద్యోగి తెలుగువారి సంతతివాడు. ఆయన ఇంటిలో మాటలాడునది క్రియోలు భాష. తెలుగు ఆయనకు భజనలోను, పూజలోను మిగిలినది. మాతో ఆంగ్లమున మాటలాడెను. అయినను తన ముత్తాత పేరు చెప్పునపుడు మాత్రము ఉచ్చారణ మన పల్లెటూరి ఉచ్చారణయే.

పెత్రాన్ సముద్రమట్టమునకు ఆరువందల మీటర్లకు పైని యున్నది. ఏప్రిలు నెలలోను అక్కడ తెల్లని మంచు మొగములను తడుపుచుండెను. ద్వారము దాటగానే బురదనేలలో ఊడలవంటి వేళ్లపై నిలిచిన మొగలిజాతి చెట్లు కనబడినవి. మన కోస్తా వాగుల గట్లపై పెరుగు మొగలికి అవి దాయాదులు. అటుపిమ్మట ఫెర్నులు, ఆకుల నడుమ నాచు పట్టిన పొట్టి మ్రాకులు. గాలి తీవ్రమైన తుపానులు తరచుగా వచ్చు దీవియగుటచే అక్కడి అడవి మిక్కిలి ఎత్తు పెరుగదు. కుదురుగా, దట్టముగా పెరుగును.

మొదటి అరగంటలో మేము గమనించినది నిశ్శబ్దము. నల్లమలలో నడచునపుడు చెవి ఒకటి వెనుకకు పెట్టి నడవవలెను. అది పులి తిరుగు అడవి, పాము తిరుగు అడవి. మారిషస్ అడవిలో క్రూరమృగము లేదు. భయపడవలసిన విషసర్పము లేదు. మనుష్యుడు అడుగుపెట్టక పూర్వము ఆ దీవిలో గబ్బిలములు తప్ప పాలిచ్చు జంతువే లేదు. సముద్రమును దాటి రెక్కలున్నవి, గాలిలో తేలివచ్చు విత్తనములు, ఏ మ్రానునో పట్టుకొని కొట్టుకొనివచ్చిన చిన్న ప్రాణులు మాత్రమే అక్కడికి చేరినవి. అందువలన ఆ బాటపై నడచు మనస్సునకు త్వరగా నెమ్మది కలుగును. అయితే ఆ నిశ్శబ్దమునకు వేరొక కారణము కూడ కలదని, అది అంత సంతోషింపదగినది కాదని మధ్యాహ్నమునకు మాకు తెలిసెను. ఆ సంగతి తరువాత చెప్పెదము.

రైతు ప్రశ్న జ్ఞప్తియందుంచుకొని మేము మాటిమాటికి క్రిందికి చూచుచు నడచితిమి. బాటలో మన్ను ఎఱ్ఱనిది. మన్ను కొట్టుకొనిపోయిన చోట నల్లని రాయి బయటపడుచుండెను. ఒక ముక్కను చేతబట్టి చూడగా దానినిండ చీమ దూరునంతటి రంధ్రములు. కరగిన రాయి భూగర్భమునుండి పైకి వచ్చునపుడు దానిలోని వాయువులు, పొంగుచున్న పాలలో బుడగలవలె, బయటికి పోజూచును. రాయి త్వరగా చల్లారినచో బుడగలున్నచోట రంధ్రములు నిలిచిపోవును. దీనినే భూశాస్త్రజ్ఞులు బసాల్టు అందురు. దీవి యంతయు ఈ రాతితో కట్టబడినదే. సుమారు 80 లక్షల యేండ్ల క్రిందట సముద్రపు అడుగునుండి పైకి లేచిన అగ్నిపర్వతము మారిషస్. అది ఇప్పుడు చల్లారియున్నది. క్యూర్‌పిప్ పట్టణము నడుమ త్రూ ఓ సెర్ఫ్ అను అగ్నిముఖము చెట్లు పెరిగిన పెద్ద గిన్నెవలె కనబడును. పెత్రాన్‌కు దగ్గరగా గ్రాండ్ బాసిన్ అను మరియొక అగ్నిముఖము నీరు నిండి సరస్సైనది. దానినే అక్కడి హిందువులు గంగా తలావ్ అందురు. 1898 నుండి శివరాత్రికి జనము కాలినడకను అక్కడికి పోవుచున్నారు. భుజములపై వారు మోసికొనిపోవు అలంకరించిన కావడులను గూర్చి విన్నపుడు కోటప్పకొండ ప్రభలు మాకు జ్ఞాపకము వచ్చినవి.

ఇక చుట్టరికపు మాట. భూమి పైపెంకు ఒక్కటే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా నుండి, ఏటికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, అనగా మన గోరు పెరుగునంత మెల్లగా కదలుచుండును. ఆ పలకల క్రింద కొన్నిచోట్ల లోతునుండి వేడి పైకి తన్నుచుండును. వెలుగుచున్న దీపముపై ఒక తాటాకును మెల్లగా జరిపినచో, ఆకుపై వరుసగా మాడిన మచ్చలు పడును. దీపము కదలలేదు, ఆకు కదలినది. 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట మన దేశపు పలక ఇట్టి యొక పొయ్యిపైగా ఉత్తరమునకు సాగుచుండెను. అపుడు కరగిన రాయి వరదలై పొంగి, పొరపై పొర పేరుకొని దక్కను లావా పీఠభూమి యేర్పడెను. నేటికిని దాని విస్తీర్ణము సుమారు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ రాతిప్రవాహపు కొస రాజమహేంద్రవరము దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతములలో నేడును చూడవచ్చును. పలక ముందుకు జరిగినకొలదియు ఆ పొయ్యి సముద్రమున లక్షద్వీపములకు, మాల్దీవులకు, చాగోస్ ద్వీపములకు పునాదులు వేసెను. పిమ్మట సముద్రగర్భమున నున్న చీలిక ఆ పొయ్యిని దాటగా, అది ఆఫ్రికా పలక క్రిందికి వచ్చెను. అక్కడ మారిషస్ లేచెను. ఇప్పుడు ఆ పొయ్యి మారిషస్‌నకు నైరుతిగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్న రియూనియన్ దీవి క్రింద మండుచున్నది. అచటి ఫుర్నేజ్ పర్వతము ఈ కాలమునను తరచుగా లావా గ్రక్కుచుండును. శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అంగీకరించిన వృత్తాంతమిది.

మన కృష్ణానది పుట్టినది మహాబలేశ్వరమున, ఆ దక్కను రాతి నడుమ. ఆ నదియు, భీమ మొదలగు దాని ఉపనదులును ఆ నల్లరాతిని అరుగదీసి, ఒండ్రుగా తెచ్చి మన డెల్టాలో పరచినవి. మన నల్లనేల యంతయు ఇట్లే వచ్చినదని చెప్పుట పొరపాటు. పల్నాటి సున్నపురాయి వంటివియు అరిగి నల్లనేలయైన చోట్లు కలవు. అయినను కృష్ణ యొండ్రులో ఆ పాత పొయ్యి బూడిద కలదనుట నిజము. నల్లనేలకు ఆంగ్ల గ్రంథములలో గల "రేగర్" అను పేరు సైతము మన రేగడి మాటనుండి పుట్టినదే.

ఒకే పొయ్యి రాయి యైనపుడు ఇక్కడ నల్లరేగడియు, అక్కడ ఎఱ్ఱమన్నును ఏల యైనవి? వానయే కారణము. మన మెట్టలలో ఏటికి 800 నుండి 900 మిల్లీమీటర్ల వాన. అదియు కొద్ది నెలలలో కురిసి పోవును, తక్కిన కాలము ఎండ. రాతిలోని సున్నము మొదలగునవి మన్నులో నిలిచిపోవును. తడిసినచో ఉబ్బి, ఎండినచో పగులు జిగటమన్ను తయారగును. పైమన్ను నెఱ్ఱెలలో పడి, రేగడి తన్ను తానే దున్నుకొనును. మారిషస్ నడిమి పీఠభూమిపై ఏటికి సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన. అంతటి వాన రాతిలోని సారమునంతయు కడిగి సముద్రమున కలుపును; ఇనుము మిగిలి మన్ను తుప్పురంగు తేలును. అట్టి మన్నులో లోతున బలము లేదు. అడవికి బలము పై బెత్తెడు ఆకుకుళ్లులోనే యున్నది. చెట్టు రాల్చిన ఆకే చెట్టునకు అన్నము. చెట్టు కొట్టినచో అన్నపుకుండ కూడ పగిలినట్లే.

ఈ మాట యనుకొనుచుండగా మా తోడివాడు ఒక చెట్టును చూపెను. నిటారైన మ్రాను, బూడిదరంగు బెరడు. అది నల్లచేవ మ్రాను. మన నల్లమలలో బీడీ ఆకునిచ్చు తుమికికి జ్ఞాతి. 1638లో డచ్చివారు ఆ దీవిలో కాపురము పెట్టినది ముఖ్యముగా ఈ చేవకొఱకే. ఎగురలేని డోడో పక్షి వారి కాలముననే నశించెను; దానిని కడపటిసారి చూచినట్లు ఎక్కువమంది విశ్వసించు సంవత్సరము 1662. జావానుండి లేళ్లను తెచ్చి విడిచినదియు వారే. 1710లో డచ్చివారు వెడలిపోయిరి. పిమ్మట ఫ్రెంచివారు, 1810 నుండి ఆంగ్లేయులు ఏలిరి. చెఱకు పెరిగినకొలదియు అడవి తరిగెను. నేడు చెడని అసలు అడవి దీవిలో నూటికి రెండు పాళ్లైనను లేదు. మేము ఉదయమునుండి నడచుచున్నది ఆ రెండు పాళ్ల లోపలనే. మేము మెచ్చుకొనిన నిశ్శబ్దమునకు రెండవ కారణమిది: అక్కడ కూయవలసిన పక్షులలో పెక్కు ఇప్పుడు లేవు.

ఆ కొట్టివేతలో మనవారి చేతులును ఉన్నవని దాచనేల? దీవిలో చెఱకుచేల నడుమ నల్లరాళ్ల గుట్టలు, గోడలు నేటికిని కనబడును. చేను బాగుచేయుటకు ఆ రాళ్లను ఏరి పేర్చినవారు మొదట బానిసలు, పిమ్మట మన కూలీలు. వారి ఒప్పందము ఐదేండ్లు. మగకూలికి నెల జీతము 5 రూపాయలు. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి కోసెడివారు. అడవి పోయినందువలన వచ్చిన లాభము వారి యింటికి రాలేదు. మా తోడివాడు తన ముత్తాత రాళ్లు మోసెనని, తాను చెట్లు నాటుచున్నానని రెండు ముక్కలలో చెప్పి ముందుకు నడచెను.

బాటకు ఇరుప్రక్కల సన్నని నునుపు కాండముల పొదలు దట్టముగా నుండినవి. వానినిండ రేగుపండంతటి ఎఱ్ఱని జామపండ్లు. మేము కోసి తింటిమి. పులుపు, తీపి కలిసి మిక్కిలి రుచిగా నుండినవి. తినుచు గింజలను అటునిటు ఉమియుచు నడచుచుండగా ఆయన ఆగి, మర్యాదగానే, "గింజలు చేతిలో ఉంచుకొనుడు" అనెను. సిగ్గుపడి కారణమడిగితిమి. అది బ్రెజిలునుండి వచ్చిన జామ. పండు తిన్న కోతులు, పందులు, పక్షులు గింజలను అడవినిండ చల్లినవి. దాని నీడలో తుమికిజాతి మొలక లేవదు. పెద్ద చెట్టు పడిపోయిన చోట దాని బిడ్డకు బదులు జామ లేచును. చూచుటకు అడవి పచ్చగానే యుండును. లోపల వంశము నిలిచిపోయినది. అదంతయు అడవియనుకొని మేము గంటనుండి మెచ్చుకొనుచుంటిమి! వంటచెఱకుకని తెచ్చిన సర్కారుతుమ్మ మన బీళ్లను, చెఱువులను ఎట్లు కమ్మివేసినదో, ఎవరును పిలువని వయ్యారిభామ మన గట్లను ఎట్లు ఆక్రమించినదో ఎఱిగిన మనకు ఈ సంగతి వివరింపనక్కరలేదు.

దీనికి వారు చేయుచున్న చికిత్స సులభమైనది, ఓపికతో కూడినది. కొన్నికొన్ని మడులను ఎంచుకొని, లేళ్లు, పందులు చొరకుండ కంచె వేసి, పరాయి మొక్కలను చేతితో పెరికివేయుదురు. ఒక్కసారి పెరికిన చాలదు; మనము మిరపతోటలో కలుపు తీసినట్లు మరల మరల తీయవలెను. అట్టి యొక మడిలో కాలుపెట్టినపుడు భేదము మాకు కంటికి తెలిసెను. నేలపై జానెడెత్తు మొలకలు, పలురకముల ఆకులు. కంచెకు ఈవల జామకాడలు మాత్రమే.

పక్షుల కథయు ఇట్టిదే. ఆ దీవికి ప్రత్యేకమైన చిన్న డేగ 1974లో అడవిలో తెలిసినంతవరకు 4 మాత్రమే మిగిలెను. గులాబి పావురములు 1990 నాటికి సుమారు 10. మన రామచిలుకకు దగ్గరి చుట్టమైన పచ్చచిలుక 1980ల నాటికి ఇరువదికి లోపు. 1979లో అక్కడికి వచ్చిన కార్ల్ జోన్స్ అను వేల్సు దేశపు జీవశాస్త్రజ్ఞుడును, స్థానికులైన ఆయన సహచరులును డేగ గూటిలోని మొదటి గుడ్లను తీసి వేఱుగా పొదిగించిరి. గుడ్లు పోయిన తల్లి మరల గుడ్లు పెట్టును. కావున పిల్లలు ఇమ్మడించును. బాతుగుడ్లను కోడిక్రింద పెట్టి పొదిగించు మన ఇల్లాండ్రకు ఈ ఉపాయము క్రొత్త కాదు. నేడు ఈ మూడు జాతులును వందల సంఖ్యలో నున్నవి. మేము బాటలో ఒక్క గులాబి పావురమును చూచితిమి. అది కొమ్మపై కూర్చుండి, మాకు వెఱవక, మెడ వంచి చూచెను.

మధ్యాహ్నమునకు లోయ యంచు చేరితిమి. మంచు విడిపోయెను. క్రింద అడవి కప్పిన లోయలు, రాతిగోడలనుండి జారు నీటిధారలు, దూరమున పడమటి సముద్రము. పొడవైన తోకగల తెల్లని సముద్రపక్షులు లోయలో మా పాదములకంటె క్రింద ఎగురుచుండెను. అరగంటసేపు ఎవరమును మాటలాడలేదు. యంత్రమును తెఱచి ఆ నిశ్శబ్దమును ముద్రించితిమి; ఇంటికి వచ్చి విన్నపుడు గాలిహోరు మాత్రము వినబడినది.

వైశాఖమున మేము మరల ఆ పల్లెకు వెళ్లితిమి. పరదేశపు మన్నును తెచ్చుటకు నిబంధనలు ఒప్పవు గనుక వట్టిచేతులతోనే వెళ్లి, అచటి మన్ను ఎఱ్ఱనిదనియు, ఎత్తైన నేలలో వాన యెక్కువగుటచే అది పత్తికి తగదనియు, రాయి మాత్రము మన కృష్ణ పుట్టిన కొండల రాతికి తోబుట్టువనియు చెప్పితిమి. కంచెలోని మడిని గూర్చియు చెప్పితిమి. ఆయన అంతయు విని, "మన్ను ఒకసారి పోతే మళ్లీ ఎన్నాళ్లకొస్తుంది బాబూ?" అనెను.

రాయి మన్నగుటకు ఎన్ని తరములు పట్టునో లెక్క చెప్పుట సులభము కాదు. బెత్తెడు మన్నునకు వందల యేండ్లు పట్టుననుట మాత్రము సాధారణముగా నిజము. పూర్వము కృష్ణ వరదలు తెచ్చిన ఒండ్రు కొంత లోటు తీర్చెడిది. నేడు శ్రీశైలము, నాగార్జునసాగరము మొదలగు ఆనకట్టల వెనుక ఆ ఒండ్రులో చాలభాగము నిలిచిపోవుచున్నది. నీరు వచ్చుచున్నది, మన్ను రాదు. అనగా మన చేనిలో నున్నదే మనకు మిగిలినది.

తొలకరి దగ్గరకు వచ్చినది. మొదటి పెద్దవాననాడు మీ చేనిగట్టున కాసేపు నిలిచి, కాలువలో పోవు నీటి రంగు చూడుడు. నీరు నల్లగా పోవుచున్నచో, ఆరుకోట్ల యేండ్లనాటి పొయ్యిలో పుట్టిన సొమ్ము మీ కన్నులయెదుటనే సముద్రమునకు పోవుచున్నదని తెలిసికొనుడు. గట్టు ఎక్కడ తెగినదో ఆనాడే కనబడును. మా ముసలిరైతు అప్పుడే పార తీసికొని గట్టువైపు నడచుట చూచి మేము తిరిగి వచ్చితిమి.